సైనికుల వైకల్య పింఛను: మెడికల్ బోర్డు కాగితాలపై సంతకం చేసే ముందు ఏం చూసుకోవాలి?

ఇద్దరు జవాన్లను ఊహించుకుందాం. ఇద్దరికీ బీపీ ఉంది. ఇద్దరూ 2015లోనే రిటైరయ్యారు. ఒకరికి నెలనెలా వైకల్య పింఛను వస్తోంది. రెండో జవానుకు రావడం లేదు. తేడా జబ్బులో లేదు. మొదటి జవాను లద్దాఖ్‌లో ఎత్తయిన పోస్టులో ఉన్నప్పుడే డాక్టరుకు చూపించుకున్నారు, బీపీ ఉన్నట్లు అక్కడే రాశారు. రెండో జవానుకూ తలనొప్పి అక్కడే మొదలైంది. కానీ ఎవరికీ చెప్పలేదు. సికింద్రాబాద్‌కు బదిలీ అయ్యాకే పరీక్ష చేయించుకున్నారు. దాంతో జబ్బు మొదలైన చోటు సికింద్రాబాద్ అని రికార్డులోకి ఎక్కింది.

ఇది ఉదాహరణే. అయితే వైకల్య పింఛను కేసులు ఏళ్ల తరబడి నలగడానికి ఇలాంటి చిన్న విషయాలే కారణమవుతుంటాయి. నొప్పి ఎంత ఉందన్నది ఒక్కటే కాదు.. అది ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు మొదలైందని కాగితం మీద ఉందన్నదే పింఛనును తేలుస్తుంది. సర్వీసులో ఉన్నవారు, రిటైర్మెంట్‌కు దగ్గరపడినవారు, మాజీ సైనికుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలివి.

వైకల్య పింఛను ఎవరికి వస్తుంది?

ఇందులో రెండు భాగాలుంటాయి. చేసిన సర్వీసుకు ఇచ్చేది సర్వీస్ ఎలిమెంట్. వైకల్యానికి ఇచ్చేది డిజెబిలిటీ ఎలిమెంట్. మామూలుగా రిటైరైనవారికి సర్వీస్ పింఛను ఎలాగూ వస్తుంది కాబట్టి, దానిపై అదనంగా డిజెబిలిటీ ఎలిమెంట్ అడుగుతారు. వైద్య కారణాలతో మధ్యలోనే పంపించేసినవారికి, అంటే ఫౌజీల మాటల్లో 'బోర్డ్ అవుట్' అయినవారికి అర్హత ఉంటే రెండూ ఇస్తారు. యుద్ధంలో గాయపడినవారికి వార్ ఇంజురీ పింఛను వేరే ఉంది. దాని రేట్లు ఇంకా ఎక్కువ.

వైకల్య పింఛను రావాలంటే ప్రధానంగా రెండు షరతులు ఉన్నాయి.

• గాయానికి లేదా జబ్బుకు సర్వీసుతో సంబంధం ఉండాలి.
• వైకల్యం 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి.

ఈ రెండింటిపైనా మొదట అభిప్రాయం చెప్పేది సైనిక వైద్యాధికారులతో కూడిన మెడికల్ బోర్డే.

19 శాతానికి, 20 శాతానికి అంత తేడానా?

డిజెబిలిటీ ఎలిమెంట్ లెక్క ఇలా ఉంటుంది. వంద శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. వైకల్యం తగ్గితే అదే నిష్పత్తిలో మొత్తమూ తగ్గుతుంది. లెక్కలోకి తీసుకునే చివరి జీతం రూ.40,000 అనుకుంటే వంద శాతానికి రూ.12,000 వస్తుంది. 20 శాతానికి రూ.2,400 వస్తుంది.

ఇక్కడ 'బ్రాడ్ బ్యాండింగ్' అనే మరో సౌకర్యం ఉంది. బోర్డ్ అవుట్ అయినవారికి 50 శాతం కంటే తక్కువ వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, 76 నుంచి 100 వరకు ఉన్నదాన్ని 100గా లెక్కించే పద్ధతి 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సర్వీసు పూర్తిచేసుకుని రిటైరైనవారికీ ఇది వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఈ లెక్కన పై ఉదాహరణలో 20 శాతం కాస్తా 50 అవుతుంది. నెలకు రూ.6,000 వస్తుంది. దానిపై కరవు భత్యం అదనం. అదే బోర్డు 19 శాతం అని రాస్తే సాధారణంగా ఒక్క రూపాయీ రాదు.

'ఎన్‌ఏఎన్‌ఏ' అని రాస్తే ఏమవుతుంది?

సర్వీసుతో సంబంధం గురించి బోర్డు మూడింటిలో ఒక మాట రాస్తుంది.

• ఆట్రిబ్యూటబుల్: జబ్బుకు లేదా గాయానికి సర్వీసే కారణం. డ్యూటీలో జరిగిన ప్రమాదాలు ఇందులోకి వస్తాయి.
• అగ్రవేటెడ్: జబ్బుకు మూలకారణం వేరే ఉన్నా, సర్వీసు పరిస్థితుల వల్ల ముదిరింది.
• ఎన్‌ఏఎన్‌ఏ: సర్వీసు కారణం కాదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు.

మొదటి రెండింటిలో ఏది రాసినా పింఛనుకు దారి ఉంటుంది. మూడోది రాస్తే వైకల్యం 40 శాతం ఉన్నా, 60 శాతం ఉన్నా క్లెయిమ్ తిరస్కరణకు గురవుతుంది. బోర్డు కాగితాల్లో 'పింఛనుకు అర్హమైన నికర శాతం' అనే గడి ఒకటుంటుంది. పైన 30 శాతం అని చూసి సంబరపడినవారు ఈ గడి చూడటం మర్చిపోతుంటారు. ఎన్‌ఏఎన్‌ఏ అయితే అందులో 'నిల్' అని ఉంటుంది.

మీకు ఏ నిబంధనలు వర్తిస్తాయి?

యూట్యూబ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాలు ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇక్కడే. ఒకరికి వర్తించిన నిబంధన ఇంకొకరికి వర్తించకపోవచ్చు. సాధారణంగా సర్వీసు నుంచి బయటికి వచ్చిన తేదీని బట్టి ఇది తేలుతుంది.

• 2007 చివరి వరకు బయటికి వచ్చినవారికి 1982 నిబంధనలు. రుజువు చేసుకోవాల్సిన భారం సైనికుడిది కాదని, సందేహం ఉంటే అది సైనికుడికే అనుకూలించాలని ఇవి స్పష్టంగా చెప్పాయి.
• 2008 జనవరి 1 నుంచి 2008 నిబంధనలు. భర్తీ సమయంలో చేసే పరీక్ష పైపైనే ఉంటుందని, లోపల దాగిన జబ్బులన్నీ అందులో బయటపడవని ఇవి అంటాయి. సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన సర్వీసే కారణం అనలేమనీ చెబుతాయి. రుజువు భారం మామూలుగా సైనికుడిపై ఉండదు. కానీ బయటికి వచ్చిన 15 ఏళ్ల తర్వాత క్లెయిమ్ చేస్తే ఆ భారం సైనికుడిపైనే పడుతుంది.
• 2023 సెప్టెంబరు 21 నుంచి 2023 నిబంధనలు. వైకల్యం ఉన్నా సర్వీసులో కొనసాగినవారికి ఇచ్చేదాన్ని వీటిలో 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అన్నారు. వైద్యాధికారులు అనుసరించే మార్గదర్శకాలు కూడా అప్పుడే మారాయి.

అందుకే పక్కింటి మాజీ హవల్దారుకు వచ్చింది కాబట్టి నాకూ వస్తుందనుకుని ఆయన దరఖాస్తునే నకలు కొట్టి పంపితే పని జరగదు. ముందు మీ తేదీ చూసుకోండి.

భర్తీ నాటి పరీక్ష ఇప్పుడెందుకు?

సైన్యంలో చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో ఏ లోపమూ రాయకపోవడం సైనికుడికి పెద్ద బలం. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆయన సిగ్నల్స్ కోర్‌లో పనిచేస్తూ మూర్ఛ జబ్బుతో బోర్డ్ అవుట్ అయ్యారు. వైకల్యం 20 శాతం ఉన్నా సర్వీసుతో సంబంధం లేదన్నారు. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్లు రాయకపోతే ఆరోగ్యంగానే చేరినట్లు భావించాలని, ఆ జబ్బును అప్పట్లో కనిపెట్టడం సాధ్యం కాదని బోర్డు అనుకుంటే అందుకు కారణాలు రాయాలని కోర్టు తేల్చింది. ఇది 1982 నిబంధనల కింద వచ్చిన తీర్పు. ఆ తర్వాత ఎన్నో కేసుల్లో దీన్ని ఆధారంగా తీసుకున్నారు. కారణాలు చెప్పకుండా బోర్డు ఇచ్చిన అభిప్రాయంతో పింఛను నిరాకరించడం చెల్లదని 2025 మే నెలలోనూ సుప్రీంకోర్టు మరో మాజీ జవాను కేసులో స్పష్టం చేసింది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే. బోర్డు 'ఎన్‌ఏఎన్‌ఏ' అని రాస్తే దాని పక్కన కారణం ఏం రాసిందో చూడాలి. 'శరీర తత్వం వల్ల వచ్చిన జబ్బు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అప్పీలులో మొదట ఎత్తిచూపాల్సింది దాన్నే.

సర్వీసులో ఉండగా ఏ కాగితాలు పుట్టాలి?

రిటైరయ్యే రోజున కొత్తగా సాక్ష్యం పుట్టదు. అప్పటివరకు ఉన్నదాన్నే బోర్డు చూస్తుంది. బోర్డు నింపే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారంలో ప్రతి జబ్బుకూ అది మొదలైన తేదీ, అప్పుడు ఉన్న చోటు, యూనిట్ రాస్తారు. ఏయే కాలంలో ఫీల్డ్‌లో ఉన్నారు, ఎప్పుడు పీస్ స్టేషన్‌లో ఉన్నారన్న పట్టిక కూడా ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే బోర్డు అభిప్రాయానికి వస్తుంది.

2008 మార్గదర్శకాల ప్రకారం బీపీ విషయంలో అది ఫీల్డ్ ఏరియా, ఎత్తయిన మంచు ప్రాంతం, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లు, ఓడపై సుదీర్ఘ డ్యూటీ లాంటి చోట్ల మొదలైందా అన్నది ముఖ్యం. గుండె జబ్బు అయితే అది బయటపడటానికి ముందు 14 రోజుల్లో చేసిన డ్యూటీల వివరాలు యూనిట్ నుంచి తెప్పిస్తారు. మానసిక సమస్య అయితే కమాండింగ్ ఆఫీసర్ ఇచ్చే నివేదిక కీలకం.

గాయాలైతే వీటిని గమనించాలి.

• గాయమైన వెంటనే ఇంజురీ రిపోర్టు తయారు కావాలి. అందులో 'డ్యూటీలో' అన్న మాట, తేదీ, సమయం, చోటు ఉండాలి.
• కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరిగితే దాని ఫలితం సర్వీసు రికార్డులో చేరిందో లేదో చూసుకోవాలి.
• సెలవుపై ఇంటికి వచ్చేటప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు ప్రభుత్వ ఖర్చుతో చేసే అధీకృత ప్రయాణంలో ప్రమాదం జరిగితే దాన్ని డ్యూటీగా పరిగణించే వీలుంది. వారెంటు, టికెట్లు, ఎఫ్‌ఐఆర్, మొదట చూపించుకున్న ఆసుపత్రి కాగితం దాచాలి.
• సెలవులో సొంత పనిమీద తిరుగుతుండగా జరిగిన ప్రమాదానికి ఆ అవకాశం తక్కువ. సర్వీసుతో సంబంధం చూపించాల్సి ఉంటుంది.

సెలవులో ఊళ్లో ఉన్నప్పుడు ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స చేయించుకుంటే ఆ డిశ్చార్జ్ సమ్మరీని తిరిగి వెళ్లగానే యూనిట్ వైద్యాధికారికి చూపించి నమోదు చేయించుకోవాలి. ఇంట్లో బీరువాలో ఉన్న కాగితం బోర్డుకు కనిపించదు.

చెబితే ప్రమోషన్ పోతుందన్న భయం మాటేమిటి?

ఈ భయంలో నిజం ఉంది. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే పద్ధతిలో గ్రేడ్ చేస్తారు. మానసిక స్థితి, వినికిడి, చేతులు కాళ్లు, శారీరక సామర్థ్యం, కంటిచూపు అనే ఐదు అంశాలు ఇందులో ఉంటాయి. అన్నింటిలో ఒకటో గ్రేడ్ ఉంటే షేప్-1. అది తగ్గితే లో మెడికల్ కేటగిరీ. దాని ప్రభావం కోర్సులు, పోస్టింగులు, ప్రమోషన్లపై పడుతుంది. అందుకే మోకాలి నొప్పిని, చెవి హోరును, నిద్ర పట్టకపోవడాన్ని లోపలే దాచుకునేవారు ఉన్నారు.

అయితే దాచిన జబ్బు రెండు విధాలా నష్టం. చికిత్స ఆలస్యమవుతుంది. రేపు బోర్డు ముందు 'పదేళ్లుగా ఉంది సర్' అంటే రుజువు ఉండదు. షేప్-1లో రిటైరైనవారికి పూర్తి స్థాయి వైకల్య నిర్ధారణ కాకుండా మామూలు విడుదల వైద్య పరీక్షతోనే పని ముగుస్తుంది. ఏ దారి ఎంచుకోవాలన్నది ఆ సైనికుడి ఇష్టం. కానీ ఈ లెక్క తెలిసి ఎంచుకోవాలి.

విడుదల మెడికల్ బోర్డు రోజున ఏం చేయాలి?

లో మెడికల్ కేటగిరీలో ఉన్నవారికి రిటైర్మెంట్‌కు ముందు విడుదల మెడికల్ బోర్డు జరుగుతుంది. ఫారంలో మొదటి భాగం సైనికుడి సొంత వాంగ్మూలం. దాన్ని క్లర్కు నింపేశాడు కదా అని చదవకుండా సంతకం పెట్టొద్దు.

• పోస్టింగుల పట్టికలో ఫీల్డ్ కాలాలు, తేదీలు సరిగా ఉన్నాయా?
• జబ్బులు, గాయాలు అన్నీ రాశారా? ఒక్కటి వదిలేసినా తర్వాత చేర్పించడం కష్టం.
• ప్రతి జబ్బుకూ మొదలైన తేదీ, చోటు మొదటి ఆసుపత్రి రికార్డుతో సరిపోతోందా?
• 'సర్వీసులో చేరకముందే ఉందా' అన్న ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా రాశారా? చిన్నప్పటి మామూలు జ్వరాన్ని ఇప్పటి జబ్బుతో ముడిపెట్టేలా రాస్తే అదే తిరస్కరణకు ఆధారమవుతుంది.
• ఆపరేషన్ లేదా చికిత్స వద్దన్నట్లు రాశారా? అలా అంటే కారణం కూడా రాయించాలి. సహేతుకమైన కారణం లేకుండా వద్దంటే శాతం తగ్గించే వీలుంది.
• ఒకటికి మించి జబ్బులుంటే ఉమ్మడి శాతం ఎంత వేశారు? వీటిని మామూలుగా కూడరు. 20, 30 కలిస్తే 50 అవ్వాలని లేదు.

లేనిది ఉన్నట్లు, ఉన్నదాన్ని పెంచి చెప్పడం పనికిరాదు. ఏళ్ల నాటి రికార్డు ముందుండగా మాట తేడా వస్తే నిజమైన సమస్యనూ నమ్మరు. పరీక్షకు మంచి రోజు చూసుకుని, పెయిన్‌కిల్లర్ వేసుకుని వెళ్లి 'బాగానే ఉంది' అనడమూ అంతే తప్పు. మామూలు రోజుల్లో ఏ పని చేయలేకపోతున్నారో అదే చెప్పాలి. మెట్లు ఎక్కలేకపోవడం, బరువు ఎత్తలేకపోవడం, ఫోన్లో మాట వినపడకపోవడం లాంటివి స్పష్టంగా చెప్పండి.

బోర్డు అభిప్రాయాన్ని పై వైద్యాధికారి ఆమోదించాకే అది ఖరారవుతుంది. ఆ కాగితాల నకలు అడిగి తీసుకోండి.

నకళ్లు దొరకకపోతే?

జవాన్లు, జేసీవోల సర్వీసు కాగితాలు వారి కోర్‌కు చెందిన రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. ఈఎంఈ, ఏవోసీ రికార్డ్స్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ వారిది నాసిక్‌లో, సిగ్నల్స్ వారిది జబల్‌పుర్‌లో, మద్రాస్ రెజిమెంట్ వారిది వెల్లింగ్టన్‌లో ఉంది. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, డిశ్చార్జ్ తేదీ రాసి మెడికల్ బోర్డు కాగితాల నకలు కోరుతూ దరఖాస్తు పంపొచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఫీజు రూ.10. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు వెళ్లొచ్చు.

ఆలస్యం చేయకపోవడం మంచిది. పాత ఫైళ్లను నిర్ణీత గడువు తర్వాత తొలగిస్తారు. అప్పుడు ఇంట్లో ఉన్న డిశ్చార్జ్ బుక్కు, పాత ఆసుపత్రి చీటీలే దిక్కవుతాయి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఏం చేయాలి?

తిరస్కరణ లేఖ వచ్చిన తేదీని కవరుతో సహా దాచండి. ఆ తర్వాత దారి ఇదీ.

• మొదటి అప్పీలు: లేఖ అందిన 6 నెలల్లోగా మొదటి అప్పీళ్ల కమిటీకి వెళ్లాలి.
• రెండో అప్పీలు: అక్కడా కాదంటే రక్షణ శాఖలోని రెండో అప్పీళ్ల కమిటీకి.
• సాయుధ దళాల ట్రైబ్యునల్: తుది ఉత్తర్వు వచ్చిన 6 నెలల్లోగా వెళ్లాలి. అప్పీలు పెట్టి 6 నెలలైనా జవాబు లేకపోతే ఆ తర్వాత కూడా వెళ్లొచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ట్రైబ్యునల్ మన్నించే వీలుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి.

అప్పీలులో 'పేదవాడిని, దయచూపండి' అని రాస్తే ఉపయోగం ఉండదు. బోర్డు రాసిన ఏ వాక్యం తప్పో, దానికి వ్యతిరేకంగా ఏ తేదీ నాటి ఏ కాగితం ఉందో వరుసగా చూపించాలి.

ఎన్నో ఏళ్లు గడిచిపోయినా తలుపులు పూర్తిగా మూసుకుపోవు. పింఛను నెలనెలా కొనసాగే హక్కు కాబట్టి ఆలస్యంగానైనా అడగొచ్చని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బకాయిలను సాధారణంగా కోర్టుకు వెళ్లడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేయాలంది. అంటే 20 ఏళ్లు ఆగి గెలిచినా 17 ఏళ్ల డబ్బు పోయినట్లే.

తర్వాత జబ్బు ముదిరితే? రిటైరయ్యాక బయటపడితే?

శాశ్వత వైకల్యం అని తేల్చిన కేసుల్లో మళ్లీ మళ్లీ పరీక్షలకు పిలవకూడదని 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు చెబుతోంది. ఆ నిర్ణయం జీవితాంతం ఉంటుంది. వైకల్యం పెరిగిందనుకుంటే సైనికుడే సమీక్ష కోరవచ్చు. అప్పుడు పాత బోర్డు కాగితం, ఆ తర్వాత ఏటేటా చేయించుకున్న పరీక్షల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూపించగలగాలి.

బయటికి వచ్చేనాటికి లేని జబ్బు ఆ తర్వాత 7 ఏళ్లలోపు బయటపడి, దాని బీజం సర్వీసులోనే పడిందని వైద్యాధికారులు ధ్రువీకరిస్తే సర్వీసు కారణంగా వచ్చినట్లు పరిగణించేందుకు 2008 నిబంధనల్లో వీలుంది. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ చీటీలను చెత్తబుట్టలో వేయకూడదని చెప్పేది ఇందుకే.

అగ్నివీరులకు వర్తిస్తుందా?

అగ్నివీరులకు ఈ పింఛను లేదు. సర్వీసు కారణంగా వైకల్యం వస్తే దాని తీవ్రతను బట్టి ఒకేసారి రూ.44 లక్షలు, రూ.25 లక్షలు లేదా రూ.15 లక్షలు ఇస్తారు. ఇవి వరుసగా 100, 75, 50 శాతాలకు. ఇక్కడా సర్వీసుతో సంబంధాన్ని, శాతాన్ని తేల్చేది మెడికల్ బోర్డే. శిక్షణలో కాలు బెణికిన రోజున ఇంజురీ రిపోర్టు రాయించుకోవడం నాలుగేళ్ల సర్వీసులో ఉన్నవారికి ఇంకా ముఖ్యం.

ఇంట్లో ఉండాల్సిన ఫైలు

• డిశ్చార్జ్ బుక్కు, పీపీవో
• మెడికల్ బోర్డు కాగితాలు అన్నీ, ముఖ్యంగా ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16
• ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ ఫలితం
• సైనిక, ప్రైవేటు ఆసుపత్రుల డిశ్చార్జ్ సమ్మరీలు
• పోస్టింగుల పట్టిక
• తిరస్కరణ లేఖలు, పంపిన అప్పీళ్లు, పోస్టల్ రసీదులు

అన్నింటినీ ఫోన్‌తో స్కాన్ చేసి ఇంట్లో మరొకరి దగ్గర కూడా ఉంచండి. స్పర్శ్ పోర్టల్‌లో పేరు, పుట్టిన తేదీ, జీవిత భాగస్వామి వివరాలు, వైకల్య శాతం పీపీవోతో సరిపోతున్నాయో చూసుకోండి. ఫైలు ఎక్కడుందో భార్యకు తెలియాలి. సైనికుడు పోయాక బకాయిల కోసం తిరగాల్సింది ఆమే.

సాయం కావాలంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. మాజీ సైనికుల కుటుంబాలకు ఉచిత న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవల సంస్థ 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. వచ్చే బకాయిల్లో వాటా ఇస్తే పని చేసిపెడతామనే మధ్యవర్తులకు అసలు కాగితాలు మాత్రం ఇవ్వకండి. నకళ్లతోనే పని జరుగుతుంది.